మా పడవ మీదుగా

చేపల బజారు నుంచి సంచీ నిండా కానాగంతలు, రెండు పచ్చి మామిడికాయలు మోసుకుంటూ జెట్టీ మీద నడిచి వస్తున్నాను. మా పడవ దగ్గరపడేసరికి దాని అవతల తెల్లటి మేడ ఒకటి లేచి ఉంది. పొద్దున నేను వెళ్లేటప్పుడు అక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు. రెండంతస్తుల మోటారు పడవ. పైన నీడకి గుడ్డ కట్టి, దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. దాని ముందు మా పడవ కెలిచాప్ ఎవరో చంకలో పెట్టుకున్న సంచీలా కనిపించింది.

ఆ మేడని జెట్టీకి ఆనించి కట్టలేదు. మా పడవకి కట్టారు.

మా ఆయన తాజుద్దీన్ పడవ వెనక భాగంలో, మేం వంటకీ కూర్చోడానికీ వాడుకునే చోట, ఎవరో బొద్దుపాటి మనిషితో కబుర్లాడుతూ టీ తాగుతున్నాడు.

"వచ్చావా రుగయా! ఈయన షహ్రిల్. కౌలాలంపూర్లో టైల్స్ షాపు. పాపం, ఎక్కడా చోటు దొరకలేదట. ఆఫీసులో సెల్వం మన దగ్గరికి పంపాడు. నేను సరే అన్నా."

"సలాం అక్కా," అంటూ ఆ షహ్రిల్ లేచి నిలబడ్డాడు. నవ్వు మొహం. "రెండ్రోజులే అక్కా. మేం ఉన్నట్టు కూడా మీకు తెలీదు."

ఆయన ఆ మాట అంటుండగానే పై అంతస్తు నుంచి ఎవరో గిన్నెలు కడిగిన నీళ్లు గుమ్మరించారు. సగం మా కిటికీ మీద పడ్డాయి.

గాలివాన వచ్చి రెండో జెట్టీని విరగ్గొట్టినప్పటి నుంచి మా తంజుంగ్ లాలాంగ్ మరీనాలో పడవలు నిలుపుకునే చోటుకి కటకటే. దానికి తోడు బడి సెలవులొకటి. ఇలాంటప్పుడు ఒక పడవ పక్కన ఇంకో పడవ కట్టుకోవడం ఎక్కడైనా ఉన్నదే. దాంతో నాకు పేచీ లేదు. కానీ పెద్దది జెట్టీ వైపు ఉండాలి, చిన్నది బయట ఉండాలి. బయట కట్టుకున్న పడవ సొంత తాళ్లు జెట్టీ దాకా వెయ్యాలి, లేకపోతే దాని బరువంతా లోపలి పడవే మొయ్యాలి. రెండు పడవలూ ఒరుసుకోకుండా మధ్యలో వేలాడదీసే రబ్బరు దిండ్లు వచ్చినవాళ్లే తెచ్చుకోవాలి. పదహారేళ్లు పర్యాటకుల పడవ నడిపాను నేను. ఇవన్నీ ఒకరు చెప్పాల్సిన సంగతులని నాకెప్పుడూ తోచలేదు.

"ఆ దిండ్లు మనవిలా ఉన్నాయే?" అన్నాను, షహ్రిల్ తన పడవెక్కాక.

"మనవే. వాళ్ల దగ్గర రెండే ఉన్నాయట, అవీ గాలి పోయినవి."

"మరి తాళ్లో?"

"జెట్టీ దాకా వెయ్యడానికి ఆయన తాళ్లు చాల్లేదు. మన దగ్గర అదనంగా ఉన్నవి ఇచ్చా. పోనీలే రుగయా, రెండ్రోజులేగా."

పోనీలే! ఈ మనిషి ఫెర్రీ నడిపే రోజుల్లో గట్టు మీద ఇంకా చెప్పులు వేసుకుంటున్న ప్రయాణికుణ్ణి చూసి కూడా పోనీలే అని ఆగిపోయేవాడు. అందుకే ఆయన ఫెర్రీ ఏనాడూ వేళకి చేరలేదు.

ఆ సాయంత్రమే వాళ్లందర్నీ పిలిచి మర్యాదగా చెప్పాను. షహ్రిల్, ఆయన భార్య హస్నిదా, నలుగురు పిల్లలు, షహ్రిల్ తల్లి మాక్ బేదా. "చూడండి, మీరు జెట్టీ మీదకి వెళ్లాలంటే మా పడవ మీదుగానే వెళ్లాలి, తప్పదు. కానీ ముందువైపు నుంచి చుట్టు తిరిగి వెళ్లండి. ఈ వెనక భాగం మా ఇల్లు. ఇక్కడే వండుకుంటాం, తింటాం, పడుకుంటాం. రోడ్డు మీదకి వెళ్లడానికి పక్కవాళ్ల వంటింట్లోంచి ఎవరూ నడవరు కదా?"

అందరూ తలలూపారు. హస్నిదా ఒక్కతే మా తాళ్లు ఎక్కడెక్కడ కట్టి ఉన్నాయో చూస్తూ నిలబడింది.

ఒకపూట బాగానే ఉన్నారు. తెల్లవారాక బయటికొచ్చి కాలు పెట్టానో లేదో, బోర్లా పడబోయాను. మా పడవ ముందు భాగమంతా చెప్పులు. రబ్బరు చెప్పులు, మెరిసే చెప్పులు, బొమ్మలున్న పిల్లల చెప్పులు, ఒక జత తోలు బూట్లు. నేను అరిచిన అరుపుకి షహ్రిల్ పై నుంచి తొంగిచూశాడు.

"అయ్యో అక్కా! మీ పడవ మీద చెప్పులతో నడిస్తే మర్యాదగా ఉండదని అందరికీ గట్టిగా చెప్పా. అక్కడే విడిచి వస్తున్నారు."

"విడిచి చేత్తో పట్టుకెళ్లండి! ఇదేమన్నా మసీదు గుమ్మమా?"

"తప్పు అక్కా, తప్పు. ఇకనుంచి పట్టుకెళ్తాం."

పట్టుకెళ్లారు. కానీ చెప్పులు చేతిలో ఉంటే ముందువైపు కమ్మీ పట్టుకోడానికి చెయ్యి ఖాళీ ఉండదు కనుక, మళ్లీ మా వంటింట్లోంచే నడవడం మొదలుపెట్టారు. నేను ఉల్లిపాయలు తరుగుతుంటే మోకాళ్ల మీదుగా ఒక పిల్ల దాటింది. సాయంత్రం అసర్ నమాజుకి చాప పరిచిన క్షణంలో ఇద్దరు "సలాం పిన్నీ" అంటూ దాని అంచు తొక్కారు. సలాం చెప్పడం మాత్రం ఒక్కరూ మర్చిపోలేదు.

మాక్ బేదా సంగతి వేరు. ఆవిడకి ముందువైపు నుంచి తిరిగి వెళ్లే ఓపిక లేదు, నిజమే. మా వెనక భాగంలోంచే వచ్చి, సగం దారిలో కూలబడేది. ఆ సగం దారి నేను కూర్చునే చోటు.

"ఆ పెద్ద పడవ తెగ ఊగుతుంది అమ్మాయ్. కళ్లు తిరుగుతాయి. ఇక్కడ హాయిగా ఉంది."

"మీ అబ్బాయి మీకోసం లోపల మంచి గది పెట్టించాడు కదా పెద్దమ్మా?"

"ఏసీ గది. కీళ్లు పట్టేస్తాయి. నువ్వు ఆ సంబల్ కారంలో రొయ్యల ముద్ద, బెలచాన్, తక్కువ వేస్తున్నావు, వాసన చాలట్లేదు."

పొద్దుటి నుంచి పొద్దుగూకే మగ్రిబ్ వేళ దాకా ఆవిడ అక్కడే. నేను నిలబడి వంట చేసుకున్నాను.

రెండు రోజులు గడిచాయి. ఇంకో రెండు గడిచాయి. వాళ్లు కదల్లేదు. దీవులు చూపిస్తానని పిల్లల్ని తీసుకొచ్చిన మనిషికి, పడవని తాడు విప్పకుండా ఉంచి, రోజంతా దాన్ని కడగడమే పని. అలా కడిగిన సబ్బు నీళ్లు మా మీదకి. వాళ్ల జనరేటరు పొగ మా తడిబట్టల మీదకి. జెట్టీ మీద మంచినీళ్ల గొట్టం పాములా పరిచి కొళాయి తిప్పి వదిలేస్తారు, దాని మీద నడిచి పక్క పడవ ముసలాయన జారిపడబోయాడు. ఇక సాయంత్రం కాగానే పై అంతస్తులో మైకు. షహ్రిల్ పాటలు పాడతాడు. గొంతు బాగుంటే ఈ మాటే ఎత్తను.

పోనీ మనిషిని ద్వేషిద్దామా అంటే అదీ కుదరదు. మైకు తగ్గించమని అడిగితే వెంటనే తగ్గించేవాడు, తగ్గించినందుకు గుర్తుగా గిన్నెడు రెండాంగ్ మాంసం కూర పంపేవాడు. తగ్గించిన సంగతి గంటలో మర్చిపోయేవాడు. మా పడవంతా వాళ్ల గిన్నెలే. వాటిని ఖాళీగా తిరిగి ఇవ్వలేక నేను పిండివంటలు చేసి నింపి పంపడం, వాళ్లు మళ్లీ నింపి పంపడం. తాజుద్దీన్‌కి మాత్రం పండగలా ఉంది.

ఆఫీసుకి వెళ్లి సెల్వం మీద పడ్డాను. మరీనా చూసుకునేది అతనే.

"నేనేం చెయ్యనక్కా? అన్న సరే అన్నాడు. ఒకసారి సరే అన్నాక మధ్యలో వెళ్లగొట్టడం బాగుంటుందా? రెండో జెట్టీ బాగయ్యేదాకా ఇంకో చోటు లేదు."

"ఎప్పుడు బాగవుతుంది?"

"క్రేన్ రావాలి."

"క్రేన్ ఎప్పుడొస్తుంది?"

సెల్వం తన బల్ల మీదున్న ఫ్యాన్ నా వైపు తిప్పాడు. జవాబు అదే అనుకోవాలి.

నేను తిరిగి వచ్చేసరికి మాక్ బేదా నా చోటులో కూర్చుని నా పచ్చడి సీసా మూత తీసి వాసన చూస్తోంది. పిల్లలు మా తెరచాప మీద కప్పిన గుడ్డ మీదకెక్కి అటునుంచి ఇటు జారుతున్నారు. షహ్రిల్ తన పడవ కడుగుతూ పాట పాడుకుంటున్నాడు. నీళ్లు మా కిటికీలోంచి మా పరుపు మీదకి ధారగా పడుతున్నాయి.

ఇక నోరు నా స్వాధీనంలో లేకుండా పోయింది.

"షహ్రిల్! రెండ్రోజులన్నారు! ఏవీ ఆ రెండ్రోజులు? పడవ కొనుక్కుంటే సరిపోదు, పక్కవాళ్లు కూడా బతుకుతున్నారని చూసుకోవాలి. వెళ్లేదుంటే వెళ్లండి, ఉండేదుంటే మనుషుల్లా ఉండండి. అంతేగానీ మా నెత్తిమీద కాపురం పెట్టకండి!"

షహ్రిల్ గొట్టం కింద పెట్టాడు. మొహంలో నవ్వు లేదు. "మీరన్నది నిజమే అక్కా," అన్నాడు మెల్లగా, లోపలికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మైకు మోగలేదు. తాజుద్దీన్ అన్నం ముందు కూర్చుని నన్ను అదోలా చూశాడు. "అంత గట్టిగా అనాలా?" అన్నాడు. పరుపు ఇంకా తడిగానే ఉంది.

మర్నాడు పొద్దున తాజుద్దీన్ కొబ్బరిపాల అన్నం, నాసి లెమాక్, తేవడానికి వెళ్లాడు. మా ఇంజను నీళ్ల పంపు విప్పి, దాని ముక్కలు పాత పేపరు మీద పరిచి, రబ్బరు ఉంగరం ఒకటి కొనుక్కొస్తానని కూడా చెప్పి వెళ్లాడు. నేను లోపల మిరపకాయలు నూరుతున్నాను. బయట మాక్ బేదా మామూలుగా వచ్చి కూర్చుంది. పక్క పడవ ఇంజన్లు మొదలైన చప్పుడు వినిపించింది. మళ్లీ జనరేటరు అనుకున్నాను.

కాసేపటికి కిటికీలో జెట్టీ కదులుతున్నట్టు తోచింది. జెట్టీలు కదలవు.

బయటికొచ్చి చూస్తే జెట్టీకీ మాకూ మధ్య మూడు బారల నీళ్లు. మా పడవా, వాళ్ల పడవా ఒకదానికొకటి కట్టుకుని, జంటగా గాలికి కొట్టుకుపోతున్నాయి. జెట్టీ చివర షహ్రిల్ నిలబడి ఉన్నాడు. చేతిలో తాడు కొస ఉంది. ఆ తాడు బిగిసింది, ఆయన్ని రెండడుగులు ఈడ్చింది, నీళ్లలో పడేలోపు ఆయన దాన్ని వదిలేశాడు.

"ఏం చేశారు మీరు!" అని కేకేశాను.

"వెళ్లిపోదామని! మిమ్మల్ని లేపడం ఎందుకని! తాళ్లన్నీ విప్పేసి మీ మీదుగా ఎక్కేద్దామనుకున్నా!"

"మావి కూడా విప్పారా?"

"అన్నీ ఒకే రంగక్కా!"

ఒకే రంగు ఎందుకుండవు? అన్నీ మావే కదా.

మా ఇంజను పేపరు మీద ముక్కలుగా పడి ఉంది. గాలి మమ్మల్ని ఎదుటి వరస మీదకి తోస్తోంది. ఆ వరసలో, మాకు సరిగ్గా ఎదురుగా, కిందటి నెల కొత్తగా రంగు వేయించుకున్న పడవ ఒకటి మెరుస్తోంది. వాళ్ల పడవ పై అంతస్తు వైపు చూశాను. స్టీరింగ్ దగ్గర ఎవరూ లేరు. మెట్ల మీద హస్నిదా నిలబడి ఉంది, చిన్నపిల్లని చంకలో వేసుకుని.

"హస్నిదా! పిల్లని దింపి స్టీరింగ్ దగ్గరికి వెళ్లు!"

"నాకు రాదక్కా! ఎప్పుడూ ముట్టుకోలేదు!"

"నేను చెప్తాగా! వెళ్లు!"

జెట్టీ మీద షహ్రిల్ అటూ ఇటూ పరిగెడుతూ అరుస్తున్నాడు. "బ్రేక్ వెయ్యి హస్నిదా! బ్రేక్!"

"పడవకి బ్రేకెక్కడిదయ్యా! మీరు నోరు మూసుకోండి!" అన్నాను. అప్పటిదాకా ఆయన్ని అంత మాట అనలేదు.

హస్నిదా పైకెళ్లింది. స్టీరింగ్‌ని రెండు చేతులా పట్టుకుని నా మాట కోసం కిందికి చూసింది.

"రెండు పిడులున్నాయా? నిటారుగా ఉన్నాయా?"

"ఉన్నాయి!"

"ఎడమది ఒక్క మెట్టు ముందుకి. టక్ మంటుంది. అంతే, ఇంకా తొయ్యకు!"

టక్ మంది. వెనక నీళ్లు తెల్లగా పొంగాయి. క్షణం దాకా ఏమీ కాలేదు. ఎదుటి పడవ రంగులో మా నీడ కనిపిస్తోంది. తర్వాత రెండు పడవలూ కలిసి, బద్ధకంగా, ముందు కొసలు జెట్టీ వైపు తిప్పాయి.

"ఇప్పుడు నిటారుగా పెట్టు! ఆగు. ఆగు. మళ్లీ ఒక్క మెట్టు. చాలు!"

"నన్నేమన్నా చెయ్యమంటావా అమ్మాయ్?" అంది మాక్ బేదా నా వెనక నుంచి.

"కూర్చోండి పెద్దమ్మా!"

"కూర్చునే ఉన్నాను కదే."

నేను ముందువైపుకి పరిగెత్తి, నీళ్లలో వేలాడుతున్న మా తాడు పైకి లాక్కుని చుట్టలు చుట్టుకున్నాను. అప్పుడు కనిపించాడు తాజుద్దీన్, జెట్టీ మీద, ఒక చేతిలో నాసి లెమాక్ పొట్లాలతో పరిగెత్తుకొస్తూ. మొదటిసారి విసిరిన తాడు నీళ్లలో పడింది. రెండోసారి ఆయన భుజం మీద పడింది. పొట్లాలు వదిలేసి, ఆ తాడుని జెట్టీ మీది ఇనుప కొమ్ముకి రెండు చుట్లు చుట్టి కూర్చున్నాడు. తాడు బిగిసి కిర్రుమంది. ఆగింది.

వెనక తాడు కూడా అందించాక, హస్నిదా పై నుంచి అడిగింది: "ఇప్పుడు ఆపెయ్యనా అక్కా?"

"ఆపు. బాగా చేశావు."

ఎదుటి పడవకి గీత కూడా పడలేదు. మాకూ ఏమీ కాలేదు. అయినా నా కోపం తగ్గలేదు. జెట్టీ మీదకి దిగి షహ్రిల్ ముందు నిలబడ్డాను.

"ఒకళ్ల తాడు ఇంకొకళ్లు ముట్టుకోకూడదు! చెప్పకుండా కదలకూడదు! మనుషులున్నారో లేదో చూడకుండా ఇంజను వదిలి గట్టెక్కకూడదు! మా ఇంటిని, నన్నూ, మీ అమ్మనీ కలిపి సముద్రంలోకి వదిలేశారు కదయ్యా, లేపడం మర్యాద కాదని!"

"పోనీ..." అన్నాడు తాజుద్దీన్.

ఆయన వైపు చూశాను. మిగతా మాట మింగేశాడు.

షహ్రిల్ జెట్టీ మీద చతికిలబడ్డాడు. "అమ్మ లోపల పడుకుందనుకున్నాను," అన్నాడు.

హస్నిదా మా పడవ ముందువైపు నుంచి తిరిగి, దిగి వచ్చింది. "ఆయనకి పడవ నడపడం భయమక్కా," అంది. "అమ్మినవాడు ఒక మధ్యాహ్నం నేర్పి వెళ్లిపోయాడు. ఇక్కడికొచ్చేటప్పుడు దారిలో ఒక స్తంభాన్ని గుద్దారు. అప్పటి నుంచీ తాడు విప్పాలంటే చేతులాడవు. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అంటారు. పడవ కడుగుతూ కూర్చుంటారు. నిన్న మీరు అన్నారని ఈ రోజు మొండికేసి బయల్దేరారు."

నాకు ఒళ్లు మండింది. "భయమైతే భయమని చెప్పొచ్చు కదా! మొదటి రోజే చెప్తే రెండో రోజుకి నేర్పి పంపించేదాన్ని. నా పరుపు పొడిగా ఉండేది!"

"అడగడానికి మొహమాటమేసిందక్కా," అన్నాడు షహ్రిల్, తల ఎత్తకుండా. మా వంటింట్లోంచి నడవడానికి లేని మొహమాటం.

ఆ రోజే సెల్వాన్ని పిలిపించి పడవల్ని మార్పించాను. పెద్దది జెట్టీ వైపు, చిన్నది బయట. మొదటి రోజు ఉండాల్సినట్టు. తాజుద్దీన్ షహ్రిల్‌ని బజారుకి తీసుకెళ్లి సరిపడా తాళ్లూ దిండ్లూ కొనిపించాడు. ఎరుపు రంగు తాళ్లే కొనమని చెప్పి పంపాను.

మర్నాటి నుంచి పాఠాలు. షహ్రిల్‌కి నేర్పడానికి కూర్చుంటే పది నిమిషాల్లో నా ఓపిక అయిపోయింది. చెప్పేది వినడు, ముందే "అర్థమైందక్కా" అంటాడు, లివర్ ఒక్కసారిగా చివరిదాకా తోస్తాడు. గాలి లేని చోట ఖాళీ నీళ్లలో తిప్పమంటే, దారి గుర్తుగా నీళ్లలో తేలే బోయా, ఉన్న ఆ ఒక్కదాన్ని వెతుక్కుని మరీ గుద్దాడు. రెండోసారి కూడా దాన్నే.

"నేను చూస్తానండీ," అని హస్నిదా ఆయన్ని పక్కకి జరిపింది.

ఆమె ఏదీ తొందరగా చెయ్యదు. ముందు గాలి ఎటుందో జెండా చూసుకుంటుంది. లివర్ ఒక మెట్టు వేసి, పడవ ఏం చేస్తుందో చూసి, అప్పుడు రెండోది వేస్తుంది. జెట్టీ పక్కకి వచ్చేటప్పుడు గోడకి ఆనించిన మంచాన్ని జరిపినట్టు జరిపి ఆనిస్తుంది. పదహారేళ్లు నడిపిన నేనే మొదటి నెలలో అలా చెయ్యలేదు. ఆ మాట ఆమెతోనే అన్నాను. షహ్రిల్ చప్పట్లు కొట్టాడు. ఏ కోశానా ఉక్రోషం లేదు ఆయనకి, పెళ్లాన్ని చూసి పొంగిపోతున్నాడు. ఆయనకి తాళ్ల పని అప్పజెప్పాం. దానికే చాలా పాఠాలు పట్టాయి.

వాళ్లు వెళ్లే రోజు ముందురోజే వచ్చి చెప్పారు. ఎన్నింటికి వెళ్తారో చెప్పారు, మేం అటూ ఇటూ జరగాల్సినవి అడిగి తెలుసుకున్నారు. పొద్దున్నే మేం మా పడవని పక్కకి తీసి వాళ్లకి దారిచ్చాం. మాక్ బేదా వెళ్లేముందు నా చెయ్యి పట్టుకుని, బెలచాన్ గురించి ఇంకోసారి చెప్పింది.

హస్నిదా పైన స్టీరింగ్ దగ్గర. షహ్రిల్ ముందు భాగంలో నిలబడి, మరీనా మొత్తానికీ రెండు చేతులతో వీడ్కోలు ఊపుతున్నాడు. రెండు చేతులూ ఊపడానికే సరిపోయాయి కనుక, చుట్టాల్సిన ఎర్ర తాడు జారి నీళ్లలో పడింది.

"తాడు! షహ్రిల్, తాడు! ఇంజను ఫ్యానుకి చుట్టుకుంటుంది!" నా గొంతు పోయేలా అరిచాను.

నేను అరవకముందే ఇంజను చప్పుడు తగ్గింది. హస్నిదా లివర్లు నిటారుగా పెట్టి, చేతులు కట్టుకుని, పై నుంచి మొగుడి వైపు చూస్తూ నిలబడింది. ఆయన బోర్లా పడుకుని తాడంతా చేతికి లాక్కున్నాడు, చొక్కా ఛాతీ దాకా తడిసింది. "తప్పు అక్కా!" అని నాకు, "తప్పు, తప్పు!" అని అటూ ఇటూ ఉన్న పడవలన్నింటికీ చెప్పాడు. తాడు చుట్ట చుట్టి పైకెత్తి చూపించాడు. అప్పుడు ఆమె ఒక్క మెట్టు ముందుకి వేసింది.

వాళ్లు మరీనా దాటేదాకా అంత మెల్లగానే వెళ్లారు. రెండు వరసల్లోనూ ఒక్క పడవ ఊగలేదు.